‘నెగటివ్’ అని నమ్మే ముందు ఫార్మలిన్ డబ్బా సంగతి అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏటా అక్టోబరులో రొమ్ము క్యాన్సర్ మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు గడ్డ చేతికి తగలడంతో మొదలై మామోగ్రాం దగ్గర ఆగిపోతాయి. మరికొన్ని నేరుగా కొత్త మందుల మీదికో, లక్షల ఖరీదు చేసే జన్యు పరీక్షల మీదికో వెళ్లిపోతాయి. మధ్యలో ఒక దశ ఉంది. కోసిన ముక్క ఆపరేషన్ థియేటర్ నుంచి ల్యాబుకు చేరి, మైనం దిమ్మగా మారి, రిపోర్టై బయటికొచ్చే దశ. ఏ మందు వాడాలో, చంకలో ఎంతవరకు కోయాలో తేలేది అక్కడే. మన దగ్గర ఆ దశలో జరిగే పొరపాట్లకు చాలాసార్లు కారణం యంత్రాలు లేకపోవడం కాదు, ముక్క పాడవకుండా గట్టిపరిచే, చవకగా దొరికే ఫార్మలిన్‌ను సరిగా వాడకపోవడం. జిల్లా కేంద్రాల్లోని చిన్న నర్సింగ్‌హోముల్లోనూ రొమ్ము ఆపరేషన్లు జరుగుతున్నాయి కాబట్టి ఈ సంగతి వివరంగా రాస్తున్నాం.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. వీళ్లలో ప్రతి ఒక్కరికీ కనీసం మూడు మార్కర్లు (గడ్డ స్వభావం చెప్పే గుర్తులు) చూడాలి. ఈఆర్, పీఆర్ అనేవి కణ కేంద్రకంలో ఉండే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ రిసెప్టార్లు. ఇవి ఉన్న కణం హార్మోన్‌ను తిని పెరుగుతుంది, కాబట్టి హార్మోన్‌కు అడ్డం పడే మాత్ర పనిచేస్తుంది. హెర్‌2 కణం పైపొర మీద ఉండే ప్రోటీన్. 17వ క్రోమోజోము మీద ఉన్న దాని జన్యువు కాపీలు పెరిగిపోయినప్పుడు ఈ ప్రోటీను పైపొర నిండా పుట్టుకొస్తుంది. మూడూ లేకపోతే ట్రిపుల్ నెగటివ్ అంటారు. నాలుగోది కేఐ-67, ఎన్ని కణాలు విభజన దారిలో ఉన్నాయో చెబుతుంది. 5 శాతం లోపు, 30 శాతం పైన వస్తే దాన్ని నమ్మవచ్చు. మధ్యలో వచ్చే 14, 18, 22 లాంటి అంకెలు ఒక ల్యాబుకూ మరో ల్యాబుకూ మారిపోతుంటాయి. అలాంటి అంకె ఒక్కదాన్ని పట్టుకుని కీమో నిర్ణయించడం తగదు.

తప్పు జరిగితే నష్టం ఎంతో చూడండి. ఈఆర్ ఉన్నా లేదని రాస్తే, రోజుకు 20 మిల్లీగ్రాముల టామాక్సిఫెన్, లేదా నెలసరి ఆగినవారికి 2.5 మిల్లీగ్రాముల లెట్రోజోల్, ఐదేళ్ల నుంచి పదేళ్లు వాడాల్సిన మనిషికి ఆ మాత్రే అందదు. తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే మందు అది. హెర్‌2 లేకపోయినా ఉందని రాస్తే, ఏడాది పాటు మూడు వారాలకొకటి చొప్పున 18 ట్రాస్టుజుమాబ్ (హెర్‌2ను అడ్డుకునే మందు) ఇంజెక్షన్లు, గుండెకు ఏమైనా అవుతోందేమోనని మూడు నెలలకోసారి ఎకో, అంతా వృథా. ఉన్నా లేదని రాస్తే అంతకన్నా అన్యాయం.

ఇక ఫార్మలిన్ సంగతి. రక్తసరఫరా ఆగిన క్షణం నుంచి ముక్కలోని ప్రోటీన్లు పాడవడం మొదలవుతుంది. బయటికి తీసిన గంట లోపు అది ఫార్మలిన్‌లో పడాలి, అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. ఫార్మలిన్ కణజాలంలోకి గంటకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే ఇంకుతుంది. రొమ్ము మొత్తం తీసిన ముక్కను కోయకుండా అలాగే డబ్బాలో వేస్తే, ఐదారు సెంటీమీటర్ల కొవ్వు కింద ఉన్న గడ్డకు మందు చేరేసరికి రెండు రోజులకు పైగా గడిచిపోతుంది. పైన గట్టిపడుతుంది, లోపల కుళ్లుతుంది. శనివారం సాయంత్రం ఆపరేషనై సోమవారం ల్యాబు తెరిచేదాకా అలాగే ఉన్న ముక్కలో ఈఆర్ నెగటివ్ వస్తే దాన్ని ఫలితం అనుకోకూడదు.

చేయాల్సింది ఇది. ముక్క బయటికి రాగానే అంచులకు సిరా పూసి, వెనక వైపు నుంచి గడ్డ మీదుగా అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు మందంలో పలకలుగా గాట్లు పెట్టాలి. పలకల మధ్య గాజుగుడ్డో, బ్లాటింగ్ కాగితమో ఉంచితే ద్రావకం లోపలిదాకా వెళుతుంది. ముక్క పరిమాణానికి పది రెట్ల ద్రావకం పోయాలి. మూతి సన్నగా ఉన్న సీసాలో కుక్కకూడదు. గట్టిపడ్డాక అది బయటికే రాదు. ద్రావకం 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ కావాలి. అంటే దుకాణంలో దొరికే ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. బఫర్ కలపని ఫార్మలిన్ రోజులు గడిచేకొద్దీ ఆమ్లంగా మారి స్లైడు మీద గోధుమ రంగు మచ్చలు వేస్తుంది. నీళ్లు కలపకుండా చిక్కటి ఫార్మలిన్ పోస్తే ఇంకా మంచిదనుకునే థియేటర్లు ఉన్నాయి. అది పైపొరను పెళుసుగా బిగించేసి లోపలికి దారి మూసేస్తుంది. సెలైన్‌లో ఉంచి ఫ్రిజ్‌లో పెట్టడం, స్పిరిట్‌లో వేయడం రెండూ తప్పే. పంపే ఫారం మీద రెండు సమయాలు రాయాలి: ముక్క తీసిన వేళ, ఫార్మలిన్‌లో వేసిన వేళ. ఈ రెండూ లేని ఫారంతో వచ్చిన ముక్క మీద ఈఆర్ నెగటివ్ రాయాల్సి వచ్చినప్పుడు ఏ పాథాలజిస్టుకైనా చెయ్యి ఆగాలి.

ఇది మన దగ్గరి చిన్న ఊళ్ల సమస్యే అనుకోవద్దు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్‌లో 1997 నుంచి 2005 దాకా చేసిన ఈఆర్, పీఆర్ పరీక్షలను తిరిగి చేయిస్తే దాదాపు 400 మంది ఫలితాలు తప్పని తేలింది. జస్టిస్ మార్గరెట్ కామెరాన్ నాయకత్వంలో విచారణ కమిషన్ వేశారు. 2009లో వచ్చిన దాని నివేదిక వేలెత్తి చూపినవి సాదాసీదా విషయాలే: సరిగా ఫిక్స్ చేయని (ఫార్మలిన్‌లో గట్టిపరచని) ముక్కలు, కంట్రోళ్లు పట్టించుకోకపోవడం, ల్యాబులో నాణ్యత చూసే బాధ్యత ఎవరికీ అప్పగించకపోవడం.

కంట్రోల్ అనే మాట మన రిపోర్టుల్లో అరుదుగా కనిపిస్తుంది, కానీ నెగటివ్ రిపోర్టుకు ప్రాణం అదే. రొమ్ములో క్యాన్సర్ పక్కనే మామూలు పాలనాళాలు ఉంటాయి, ఇంటర్నల్ కంట్రోల్ అంటే ఇవే. వాటి కణాల్లో కొన్నింటికి సహజంగానే ఈఆర్ ఉంటుంది, కాబట్టి ఈఆర్‌ను చూపడానికి పరీక్షలో వేసే రంగు వాటికి పట్టాలి. క్యాన్సర్ కణాలకు రంగు పట్టక, పక్కనున్న మామూలు నాళాలకు పడితే అది నిజమైన నెగటివ్. రెండింటికీ పట్టకపోతే పరీక్షే విఫలమైంది. అప్పుడు రాయాల్సింది ‘నెగటివ్’ కాదు, ‘ఈ ముక్క మీద చెప్పలేం, వేరే దిమ్మ మీద మళ్లీ చేయాలి’ అని. రోగి బంధువులు డాక్టరును అడగదగ్గ ప్రశ్న ఇదొక్కటే అనుకున్నా చాలు: ‘ఇంటర్నల్ కంట్రోల్‌కు రంగు పట్టిందా?’

రిపోర్టులోని మిగతా మాటలతో మార్కర్లు పొసగుతున్నాయో లేదో కూడా చూడాలి. గ్రేడ్ 1 గడ్డ (కణాలు మామూలు కణాలకు దగ్గరగా కనిపించేది), ట్యూబ్యులర్ రకం, మ్యూసినస్ రకం, మామూలు లోబ్యులర్ రకం, వీటిలో ఈఆర్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అక్కడ నెగటివ్ వస్తే మళ్లీ చేయించాలి. గ్రేడ్ 1 గడ్డకు హెర్‌2 3+ అన్నా అనుమానించాలి. ఈఆర్ లేదు, పీఆర్ మాత్రం ఉంది అన్నా అంతే. అంకెల విషయానికొస్తే, 1 శాతం కేంద్రకాలకు రంగు పట్టినా ఈఆర్ పాజిటివే. 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే ‘లో పాజిటివ్’ అని ప్రత్యేకంగా రాయాలని 2020 నుంచి నియమం, ఎందుకంటే వాటిలో చాలా గడ్డల నడత ట్రిపుల్ నెగటివ్‌కు దగ్గరగా ఉంటుంది. హెర్‌2కు 0, 1+ అంటే నెగటివ్. 10 శాతానికి మించిన కణాల చుట్టూ చిక్కటి రంగు పూర్తి వలయంగా పడితే 3+, అంటే పాజిటివ్. 2+ అంటే జవాబు ఇంకా రాలేదని అర్థం, జన్యువు కాపీలను లెక్కపెట్టే ఫిష్ పరీక్షకు పంపాలి. ఆ 2+ను కొందరు పాజిటివ్‌గా, కొందరు నెగటివ్‌గా తీసుకుని చికిత్స మొదలుపెట్టేస్తున్నారు. ఫిష్‌లో హెర్‌2 జన్యువు కాపీలకూ 17వ క్రోమోజోముకూ నిష్పత్తి 2 లేదా అంతకన్నా ఎక్కువగా ఉండి, కణానికి సగటున 4 కాపీలకు తగ్గకుండా ఉంటే పాజిటివ్. 1+ వచ్చినవాళ్లూ, 2+ వచ్చి ఫిష్ నెగటివ్ అయినవాళ్లూ ఇప్పుడు ‘హెర్‌2 లో’ కిందికి వస్తారు. జబ్బు ముదిరినప్పుడు వీళ్లకు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు పనిచేస్తుందని 2022లో రుజువైంది. కాబట్టి 0కూ 1+కూ తేడా లేదని కొట్టిపారేసే రోజులు పోయాయి.

పాశ్చాత్య దేశాల్లో ట్రిపుల్ నెగటివ్ 10 నుంచి 15 శాతం. మన దేశపు ఆసుపత్రుల లెక్కలు చాలావాటిలో అది పాతిక శాతం దాటుతుంది. మన దగ్గర చిన్న వయసులో జబ్బు పడేవాళ్లు ఎక్కువ కాబట్టి కొంత తేడా నిజమైనదే. మిగతా కొంత ఫిక్సేషన్ లోపం వల్ల పుట్టిందని మా అభిప్రాయం. ట్రిపుల్ నెగటివ్ అని రాగానే బీఆర్‌సీఏ (తరాల వెంట వచ్చే క్యాన్సర్ ముప్పును చూసే) జన్యు పరీక్షకు పరుగెత్తే ముందు, ఆ నెగటివ్‌లు నిలబడేవో కాదో చూడటం ఇంకా చవక. నిజంగా ట్రిపుల్ నెగటివ్ అయితే బీఆర్‌సీఏ తప్పక చేయించాలి. అది ఆమె అక్కచెల్లెళ్లకూ పిల్లలకూ సంబంధించిన విషయం.

ఇప్పుడు చంక బిళ్లల (లింఫ్ గ్రంథుల) సంగతికి వద్దాం. రొమ్ములోని లింఫ్ ద్రవంలో చాలా భాగం చంకలోని గ్రంథులకే వెళుతుంది, కొంత రొమ్మెముక వెనకున్న గ్రంథులకు. క్యాన్సర్ కణం ఈ దారి పట్టడం యాదృచ్ఛికం కాదు. కొన్ని గడ్డలు వీఈజీఎఫ్-సీ అనే ప్రోటీన్‌ను వదిలి చుట్టూ కొత్త లింఫ్ నాళాలు మొలిపిస్తాయి. కొన్ని కణాల పైపొర మీద సీసీఆర్‌7, సీఎక్స్‌సీఆర్‌4 అనే రిసెప్టార్లు ఉంటాయని, వాటిని ఆకర్షించే రసాయనాలు లింఫ్ గ్రంథుల్లో ఎక్కువగా ఉంటాయని 2001లో తేలింది. ఇవి జబ్బు ఎలా పాకుతుందో చెప్పే మార్కర్లు. రోజువారీ చికిత్సలో వీటితో మారేదేమీ లేదు, వీటి కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. రిపోర్టులో తప్పక ఉండాల్సింది లింఫోవాస్కులర్ ఇన్వేజన్, అంటే గడ్డ చుట్టూ ఉన్న సన్నని నాళాల్లో క్యాన్సర్ కణాలు కనిపించాయా లేదా అన్నది. ఇక్కడా ఫార్మలినే అడ్డొస్తుంది. సరిగా ఫిక్స్ కాని ముక్కలో కణాల గుంపులు కుంచించుకుపోయి చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. చూడటానికి అది అచ్చం నాళంలో కణాలున్నట్టే ఉంటుంది. అనుమానం వస్తే డీ2-40 అనే రంగు వేసి నాళపు గోడ ఉందో లేదో తేల్చుకోవాలి.

మార్కర్లను బట్టి చంక పరిస్థితిని ఊహించడం మాత్రం ప్రమాదం. హెర్‌2 పాజిటివ్ గడ్డలు చంకకు తరచుగా పాకుతాయి. ట్రిపుల్ నెగటివ్‌లో, గడ్డ సైజుతో పోల్చి చూస్తే, చంక శుభ్రంగా ఉండటం ఎక్కువే. అయినా అది రక్తం ద్వారా ఊపిరితిత్తులకు, మెదడుకు వెళ్లగలదు. ‘బిళ్లలు లేవుగా, కీమో ఎందుకు’ అని ఇంటికి వెళ్లిపోయేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

చేతికి తగలని చంకలో క్యాన్సర్ ఉండవచ్చు, తగిలిన బిళ్లలో ఏమీ లేకపోవచ్చు. అందుకే ముందు అల్ట్రాసౌండ్, అనుమానం ఉన్న గ్రంథికి సూది పరీక్ష. చంక శుభ్రంగా కనిపిస్తే సెంటినల్ నోడ్ (రొమ్ము నుంచి లింఫ్ మొదట చేరే గ్రంథి) బయాప్సీ: చనుమొన చుట్టూ ఉన్న నల్లటి చర్మం కింద నీలి మందు ఎక్కించి, ఐదు నిమిషాలు మర్దన చేసి, ముందుగా నీలం పట్టిన ఒకటి నుంచి మూడు గ్రంథులు తీసి చూడటం. రేడియో ఐసోటోపు, గామా ప్రోబ్ ఉన్నచోట రెండూ కలిపి వాడతారు. లేనిచోట 1 శాతం మిథిలీన్ బ్లూ చవకగా దొరుకుతుంది. దాన్ని పలచన చేసి, చర్మంలోకి కాకుండా చర్మం కిందికి ఎక్కించాలి, లేకపోతే చర్మం చచ్చి పుండవుతుంది. మానసిక కుంగుబాటుకు మందులు వాడేవారు ముందే చెప్పాలి, వాటిలో కొన్నింటికి ఇది పడదు. ఆ తర్వాత ఒకట్రెండు రోజులు మూత్రం నీలిగా, ఆకుపచ్చగా వస్తుంది, కంగారు పడనక్కర్లేదు.

ఇంత శ్రమ ఎందుకంటే, చంక మొత్తం ఖాళీ చేస్తే సుమారు ఐదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తుంది. సెంటినల్ గ్రంథులు మాత్రమే తీస్తే ఇరవై మందిలో ఒకరికి. 5 సెంటీమీటర్ల లోపు గడ్డ, రొమ్మును ఉంచి చేసిన ఆపరేషన్, తర్వాత రొమ్ము మొత్తానికి రేడియేషన్, సెంటినల్ గ్రంథుల్లో ఒకటి రెండింటిలోనే క్యాన్సర్: ఇలాంటివారికి మిగతా చంక కోయకపోయినా పదేళ్ల తర్వాత బతికున్నవారి శాతం తగ్గలేదని జెడ్0011 అనే అమెరికన్ పరిశీలన చూపింది. రొమ్ము మొత్తం తీయించుకున్నవారికి ఈ ఫలితాన్ని యథాతథంగా అంటగట్టకూడదు. మన దగ్గర ఎక్కువమందికి జరిగేది ఆ ఆపరేషనే కాబట్టి ఈ తేడా గుర్తుండాలి.

గ్రంథిని ల్యాబులో 2 మిల్లీమీటర్ల పలకలుగా కోసి అన్నీ చూడాలి. నిలువునా రెండు చెక్కలు చేసి ఒకటే చూస్తే క్యాన్సర్ తప్పిపోతుంది. 0.2 మిల్లీమీటర్ల లోపు చెదురు కణాలుంటే చంకను నెగటివ్‌గానే లెక్కిస్తారు. 0.2 నుంచి 2 మిల్లీమీటర్లయితే మైక్రో మెటాస్టాసిస్, 2 దాటితే మాక్రో. మొత్తం చంక తీసినప్పుడు కనీసం 10 గ్రంథులు లెక్క తేలాలి. ‘4లో 4 పాజిటివ్’ అనే రిపోర్టు వస్తే ముందు అడగాల్సింది ల్యాబులో కొవ్వును వేళ్లతో మళ్లీ తడిమి చూశారా అని. ముందే కీమో తీసుకున్నవారికి మాత్రం సంఖ్య తగ్గడం సహజం.

గ్రంథిలోని క్యాన్సర్‌కు మరో ఉపయోగం ఉంది. రొమ్ములోని గడ్డ పాడైపోయి మార్కర్లు తేలకపోతే, చిన్నదిగా ఉండి సరిగా ఫిక్స్ అయిన గ్రంథి మీద ఈఆర్, హెర్‌2 చేయవచ్చు. ఏళ్ల తర్వాత జబ్బు తిరగబెడితే కూడా కొత్త చోటి నుంచి ముక్క తీసి మార్కర్లు మళ్లీ చూడాల్సిందే. ఈఆర్ ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి మారిపోతుంది. ఎముక నుంచి తీసిన ముక్కనైతే ఆమ్లంలో మెత్తబరచకూడదు, ఈడీటీఏ అనే రసాయనం వాడాలి. ఆమ్లం తగిలిన ముక్క మీద ఫిష్ పనిచేయదు.

వీటిలో చాలా చిక్కులు రాకుండా చేసే దారి ఒకటుంది. ఆపరేషన్‌కు ముందే 14 గేజ్ సూదితో కోర్ బయాప్సీ చేసి, మార్కర్లన్నీ ఆ పుల్లల మీదే చూడటం. అగ్గిపుల్లంత సన్నని ముక్క, తీసిన నిమిషంలోనే ఫార్మలిన్‌లో పడుతుంది, కొద్ది గంటల్లో లోపలిదాకా గట్టిపడుతుంది. సన్న సూదితో కణాలు పీల్చి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ దీనికి సాటిరాదు, క్యాన్సర్ నాళం దాటిందో లేదో కూడా అది చెప్పలేదు. సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయంతో నేరుగా గడ్డ తీయించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కోర్ బయాప్సీ వల్ల బతికే కాలం తగ్గినట్టు ఆధారం లేదు. అది లేకుండా చేసిన ఆపరేషన్ వల్ల మాత్రం తరచుగా రెండో ఆపరేషన్ తప్పదు. హెర్‌2 పాజిటివ్, ట్రిపుల్ నెగటివ్ గడ్డలు 2 సెంటీమీటర్లు దాటినా, చంకలో బిళ్లలున్నా సాధారణంగా ముందు కీమో ఇస్తారు. కీమోకు గడ్డ పూర్తిగా కరిగిపోవచ్చు. అప్పటికి మార్కర్లు చూసి ఉండకపోతే ఇక చూడటానికి ఏమీ మిగలదు. అందుకే కీమోకు ముందే గడ్డలోనూ, క్యాన్సర్ తేలిన గ్రంథిలోనూ చిన్న లోహపు క్లిప్ పెట్టించుకోవాలి. కీమో తర్వాత సెంటినల్ పరీక్ష చేస్తే రెండు రకాల ట్రేసర్లు (నీలి మందు, ఐసోటోపు లాంటివి) వాడి, కనీసం మూడు గ్రంథులు తీసి, క్లిప్ ఉన్నది అందులో ఉందని ఎక్స్‌రేలో చూసుకోవాలి.

సీఏ 15-3 అనే రక్తపరీక్షను హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో రొమ్ము క్యాన్సర్ పరీక్షగా అమ్ముతున్నారు. తొలిదశలో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది, కాలేయ జబ్బుల్లో ఊరికే పెరుగుతుంది. ముదిరిన జబ్బుకు చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి తప్ప దాన్ని వాడకూడదు. జబ్బు తిరగబెట్టే అవకాశాన్ని స్కోరుగా చెప్పే 21 జన్యువుల పరీక్ష లాంటివి ఈఆర్ పాజిటివ్, హెర్‌2 నెగటివ్ వారికే పనికొస్తాయి. ఒకటి నుంచి మూడు గ్రంథులకు పాకినా, నెలసరి ఆగినవారిలో స్కోరు 25 లోపు ఉంటే కీమో వల్ల అదనపు మేలు లేదని 2021లో తేలింది. నెలసరి ఆగనివారికి ఈ మాట వర్తించదు.

చివరగా మైనం దిమ్మల గురించి. రిపోర్టు కాగితం ఎంత ముఖ్యమో ఆ దిమ్మలూ అంతే. పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు స్లైడులతోపాటు గడ్డవీ, గ్రంథివీ దిమ్మలు అడిగి తీసుకోండి, వాటి మీది నంబరు రిపోర్టు నంబరుతో సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి. రంగు వేయకుండా కోసి ఉంచిన స్లైడులు ఆరు వారాలు దాటితే మార్కర్ల పరీక్షకు నమ్మదగ్గవి కావు, దిమ్మ మాత్రం ఏళ్లకొద్దీ పనికొస్తుంది. ఆ మైనం 60 డిగ్రీల లోపే కరుగుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే చాలు. పలచటి డబ్బాలో, దూది చుట్టి, చేతిసంచిలో పెట్టుకెళ్లండి.

ఇట్లు,
రొమ్ము క్యాన్సర్ పరీక్షలు, ఆపరేషన్లు చేసే కొందరు పాథాలజిస్టులు, సర్జన్లు
విజయవాడ